నాన్న కొన్న 407ను తుక్కుకు వేయాలా?

ప్రశ్న: మా నాన్న కొన్న టాటా 407 మినీ లారీ ఇరవై ఏళ్లుగా మా కూరగాయలను బోయిన్‌పల్లి మార్కెట్‌కు చేరవేస్తోంది. ఈమధ్య తెల్లవారుజామున సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్ట్ కావడం లేదు. బండి ఎడమకు ఒరిగింది కూడా. తుక్కుకు వేసేయమంటున్నారు, నాకు మనసొప్పడం లేదు.
– ఓ రైతు, శంకర్‌పల్లి

జవాబు: ఇన్నేళ్లు ఇంటిని మోసిన బండి. తొందరపడి అమ్మకండి. ముందు చాసిస్ (బండి బరువంతా మోసే కింది ఇనుప చట్రం) చూడండి, ఎందుకంటే ఇంజన్‌ను బాగుచేయించుకోవచ్చు గానీ చాసిస్‌ను తుప్పు తినేసిందంటే ఖర్చు పెట్టడం దండగ. కింద బురదంతా కడిగి, కమాను కట్టల (చక్రాల పైన ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగుల) బ్రాకెట్ల దగ్గర, క్రాస్ మెంబర్ల (చాసిస్ అడ్డ కమ్మీల) రివెట్ల దగ్గర చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే గట్టిది. మొద్దుగా మోగినా, పొరలు రాలినా తుప్పు లోపలికి పోయినట్టే. యూరియా బస్తాలు, పశువుల ఎరువు వేసిన రోజే బాడీనీ కిందిభాగాన్నీ కడగాలి. ఉప్పుకు తేమ తోడైతే ఇనుమును తుప్పు త్వరగా తింటుంది.

ఇక స్టార్టింగ్. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ చూడండి. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ అందుతోంది, మండడం లేదు: నాజిళ్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి), కంప్రెషన్ (ఇంజన్ లోపల గాలి ఒత్తిడి) మెకానిక్‌కు చూపించాలి. అసలు పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు. రాత్రంతా ఆగిన బండికే ఈ ఇబ్బంది ఉండి, హ్యాండ్ పంపు (డీజిల్‌ను చేత్తో ఎక్కించే చిన్న పంపు) కొట్టగానే లేస్తుంటే లైన్లోకి ఎయిర్ పోతోందన్నమాట. డీజిల్ ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ రెండు చుట్లు వదులుచేసి, బుడగలు ఆగి డీజిల్ మాత్రమే వచ్చేదాకా పంపు కొట్టి బిగించండి. తర్వాత నాజిళ్లకు డీజిల్ పంపే మెయిన్ పంపు స్క్రూ దగ్గరా అంతే. కానీ ఎయిర్ తీసి ఊరుకుంటే మర్నాడు మళ్లీ అదే తంతు. అది దూరే చోటు పట్టుకోవాలి. ఎక్కువగా డీజిల్ పైపుల జాయింట్లలోని రాగి వాషర్లు, పగిలిన రబ్బరు పైపులే కారణం. వాషర్లు విప్పిన ప్రతిసారీ కొత్తవే వేయండి. సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లు మించి కొట్టకండి, మోటారు కాలిపోతుంది.

ఒరగడానికి కారణం కమాను కట్టలు. ఖాళీ బండిని చదునైన నేల మీద నిలిపి, చక్రం నడిమి నుంచి చాసిస్ దాకా రెండు పక్కలా టేపుతో కొలవండి. విరిగిన పట్టీ మీద సన్నటి తుప్పు గీత కనబడుతుంది. ఒక పక్కే మారిస్తే ఒరుగు పోదు, రెండు పక్కలా మార్పించండి. కట్టలను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు కొత్తవే వేయించి, లోడుతో ఒకటి రెండు ట్రిప్పులయ్యాక మళ్లీ బిగించండి. అవి వదులైతే పట్టీలను నడుమ కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరుగుతుంది.

రవాణా బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు కాబట్టి ఈ పనులన్నీ దానికి ముందే చేయించండి.

ప్రశ్న: తుప్పు పట్టకుండా చాసిస్‌కు కాలిన ఇంజన్ ఆయిల్ పూయవచ్చా?

జవాబు: వద్దు. రబ్బరు బుష్‌లు, బ్రేకు గొట్టాలు ఉబ్బి చెడిపోతాయి, దుమ్ము అట్టకడుతుంది. వైర్ బ్రష్‌తో గీకి, రెడ్ ఆక్సైడ్ ఒక కోటు వేసి, ఆరాక నల్ల చాసిస్ పెయింటు రెండు కోట్లు వేయించండి.