బూస్ట్ పెంచినా బండి ఎక్కడం లేదెందుకు?

ప్రశ్న: 850 సీసీ టూ-స్ట్రోక్ మౌంటెన్ స్నోమొబైల్‌కి (మంచు కొండలెక్కే బండి) టర్బో కిట్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే సాధనం) పెట్టించాను. పోర్ట్ ఇంజెక్షన్ బండి, అంటే ఇంధనం ఇంజిన్‌లోకి వెళ్లే గాలిదారిలో చిమ్ముతుంది. 6 పీఎస్ఐ (పీడనపు కొలత) బూస్ట్‌లో, అంటే టర్బో కలిపే అదనపు గాలి ఒత్తిడిలో, ఇంజిన్ 8,000 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉండేది. 8కి పెంచాక 8,400 దాటుతోంది కానీ వాలు ఎక్కే వేగం పెరగలేదు. పైగా బెల్టు మాడిన వాసన. బూస్ట్ ఇంకా పెంచాలా?

జవాబు: వద్దండి. పెరిగిన శక్తి ట్రాక్ (మంచు మీద బండిని నడిపే పట్టీ) దాకా చేరక, బెల్టు దగ్గరే వేడిగా మారిపోతోంది. ప్రైమరీ క్లచ్‌లోని (ఇంజిన్ వైపు ఉండి బెల్టును తిప్పే పుల్లీ) వెయిట్లు ఇంజిన్ తిరిగేకొద్దీ విచ్చుకుని బెల్టును నొక్కి పట్టాలి. మీవి పాత శక్తికి సరిపోయిన వెయిట్లు. ఇప్పుడు వాటి పట్టు చాలక బెల్టు జారుతోంది, భారం తగ్గిన ఇంజిన్ పైకి పరుగెత్తుతోంది.

అయినా క్లచ్ మీద చెయ్యి వేసేముందు ఇంధనం చూసుకోండి. బెల్టు తెగితే కొండమీదే మార్చుకోవచ్చు, పిస్టన్ కరిగితే అక్కడ చేయగలిగిందేమీ లేదు. రెగ్యులేటర్‌కు (ఇంధన పీడనాన్ని సరిచేసే భాగం) బూస్ట్‌ను చేరవేసే సన్నని గొట్టం ఊడినా చిట్లినా ఫ్యూయల్ ప్రెషర్ బూస్ట్‌తోపాటు పెరగదు. బూస్ట్ లేనప్పుడు 43 పీఎస్ఐ ఉంటే, 8 బూస్ట్‌లో మీటరు 51 చూపాలి. 43 దగ్గరే ఆగిందంటే ఎదురొత్తే 8 బూస్ట్ పోగా ఇంజెక్టర్‌కు నికరంగా మిగిలేది 35, అంటే ఇంధనం సుమారు పదో వంతు తగ్గినట్టే. వైడ్‌బ్యాండ్ మీటరులో (ఎగ్జాస్ట్‌ను బట్టి గాలి-ఇంధన నిష్పత్తి చూపేది) ఫుల్ థ్రాటిల్‌లో గాలి-ఇంధన నిష్పత్తి 11.5–12 మధ్య ఉండేలా చూడండి. 13 వైపు జరుగుతుంటే ఇంధనం చాలడం లేదని అర్థం, వెంటనే థ్రాటిల్ వదిలేయాలి.

అది సరిగా ఉంటే వెయిట్లు పెంచండి. ఒక్కో వెయిట్‌కు గ్రాము చేర్చితే సుమారు 100 ఆర్‌పీఎం తగ్గుతుందని లెక్క. మీకు 4 గ్రాములు పడవచ్చు కానీ ముందు 2 చేర్చి చూడండి. అన్ని వెయిట్లూ సమానంగా తూగాలి, లేదంటే క్లచ్ వణుకుతుంది. మాడిన బెల్టు తీసేసి, పుల్లీ ముఖాలను ఎసిటోన్‌తో తుడిచాకే కొత్తది వేయండి. నున్నగా మెరిసే పాత బెల్టుతో చేసిన పరీక్ష ఏ వెయిట్ పెట్టినా తప్పే చెబుతుంది. ఇంజిన్, బెల్టు వేడెక్కాక అదే వాలు మీద, అదే మంచులో చూడాలి. ఒకసారికి ఒకటే మార్పు.

ప్రశ్న: 10,000 అడుగుల ఎత్తులో 8 పీఎస్ఐ పెట్టుకున్నాను. కిందికి దిగాక నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజిన్‌లో వచ్చే టకటక శబ్దం) వస్తోంది. మీటరు 8 మాత్రమే చూపుతోందే?

జవాబు: మీ మీటరు చుట్టూ ఉన్న గాలికంటే ఎంత ఎక్కువో మాత్రమే చూపుతుంది. అంత ఎత్తున గాలి పీడనం 10.1 పీఎస్ఐ, సముద్రమట్టం దగ్గర 14.7. పైన ఇంజిన్‌కు అందే మొత్తం 18.1 అయితే, దిగువన అదే 8తో 22.7 అవుతుంది, నాకింగ్ అందుకే. పైన కేవలం 4.6 బూస్ట్‌తోనే సముద్రమట్టపు పీడనం తిరిగి వస్తుంది. చేత్తో తిప్పే బూస్ట్ కంట్రోలర్ అయితే దిగేముందే తగ్గించండి. వేస్ట్‌గేట్ (టర్బోను తిప్పే ఎగ్జాస్ట్‌ను పక్కకు మళ్లించే వాల్వు) స్ప్రింగ్ కంటే తక్కువకు అది దిగదు, కాబట్టి ఆ స్ప్రింగ్ ఎంతదో ముందే తెలుసుకోండి.