చెయ్యి ముందు ఎవరెత్తాలి అల్లుడూ

ఒరే అల్లుడూ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదు, పక్కనుంచి మీ అత్తయ్య అన్నం చల్లారిపోతోందని ఒకటే గోల, అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా. కొత్త రోడ్ బైక్, అదే సన్న టైర్ల రేసు సైకిల్, కొన్నావు, పొద్దున్నే మన హైదరాబాద్ సోలార్ సైకిల్ ట్రాక్ మీదకి పోతున్నావు, ఎదురొచ్చిన ప్రతివాడికీ చెయ్యి ఊపుతున్నావు, సగం మంది చూసీ చూడనట్టు పోతున్నారు, "వీళ్ళకి అంత పొగరేంటి మావయ్యా" అని నీ బాధ. పొగరున్నవాళ్ళు లేరని కాదు గానీ, నువ్వు చూసినవాళ్ళలో ఎక్కువమందిది అది కాదురా.

లెక్క వేసుకో. నువ్వు 30లో పోతున్నావు, అవతలివాడూ 30లో వస్తున్నాడు, ఇద్దరూ దగ్గరయ్యేది గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో, అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. వాడు నిన్ను 50 మీటర్ల దూరంలో గమనించాడే అనుకో, మూడు సెకన్లలో నువ్వు పక్కనుంచి వెళ్ళిపోయి ఉంటావు. ఆ మూడు సెకన్లలో వాడు తల ఎత్తాలి, నల్ల కళ్ళద్దాల్లోంచి నిన్ను చూడాలి, ఇంటర్వెల్, అంటే కాసేపు ఫుల్ స్పీడులో తొక్కే ప్రాక్టీస్, దాని మధ్యలో ఉంటే ఊపిరి కూడా అందదు, ఇంక నవ్వేం నవ్వుతాడు. వాళ్ళలో చాలామంది హుడ్స్ మీద, అంటే హ్యాండిల్‌కి బ్రేకులు ఉండే చోట పెట్టుకున్న చేతులు కదపకుండానే ఒకటో రెండో వేళ్ళు పైకి లేపుతారు, అదే వాళ్ళ నమస్కారం. నువ్వు మొహాలు చూస్తున్నావు కాబట్టి అది నీకు కనిపించట్లేదు, ఇకనుంచి చేతులు చూడు. కొందరు గడ్డం కొంచెం పైకెత్తి దించుతారు, అది కూడా లెక్కే.

నువ్వు కూడా వేళ్ళతో సరిపెట్టు. పూర్తి చెయ్యి తీసి ఊపడం ఆదివారం ఖాళీ రోడ్డు మీద బానే ఉంటుంది, దిగుడులో, గతుకుల్లో, ఎదురుగాలిలో మాత్రం వద్దు. గుంపుగా వెళ్తుంటే ముందున్నవాడు ఒక్కడు ఎత్తితే చాలు, పదిమందీ వరసగా చేతులెత్తి టాటాలు చెప్పుకుంటూ పోతే వెనకవాడికి గుంత చూపించే చెయ్యి ఉండదు. గ్రూపులో చెయ్యి ముందు గుంతకి, తర్వాతే మనిషికి.

సోలార్ ట్రాక్ సంగతి వేరేగా చెప్పాలి. 2023 అక్టోబర్‌లో అది తెరిచినప్పట్నుంచీ మన ఊరి సైకిల్ జనం అంతా ఒకచోటికి చేరారు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క, రెండూ కలిపి 23 కిలోమీటర్లు. పైన సోలార్ పలకలు కాబట్టి ఎండ లేదు, లారీ లేదు, దాంతో ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయథ్లాన్ పోటీకి ప్రాక్టీస్ చేసేవాడూ ఉంటాడు, అద్దె సైకిల్ మీద పిల్లాణ్ణి ముందు కూర్చోబెట్టుకున్న నాన్నా ఉంటాడు, సెల్ఫీ కోసం అడ్డంగా ఆగే కాలేజీ బ్యాచ్ కూడా ఉంటుంది. అక్కడ కనపడ్డ ప్రతివాణ్ణీ పలకరిస్తే నీకు రైడ్ అవ్వదు. ఒకే మనిషి అటూ ఇటూ నాలుగు సార్లు ఎదురొస్తాడు, మొదటిసారి వేలెత్తు, తర్వాత ఊరుకో, ఎవరూ ఏమీ అనుకోరు.

ఎదురొచ్చేవాడి కంటే నువ్వు దాటబోయేవాణ్ణి పలకరించడమే అక్కడ ముఖ్యం. వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చి భుజం రాసుకుంటూ జుయ్యిమని వెళ్ళడం కంటే పెద్ద అమర్యాద లేదు నా దృష్టిలో. ఐదారు బళ్ళ దూరం ఉండగానే మామూలు గొంతుతో "రైట్ సైడ్ అన్నా" అని ఒక్కసారి చెప్పు, దాటాక "థాంక్స్ అన్నా". ముందున్నది చిన్నపిల్లలైతే అసలు అరవకు, అరిస్తే వాళ్ళు తల తిప్పి చూస్తారు, తలతో పాటు హ్యాండిల్ కూడా తిరుగుతుంది, నేరుగా నీ చక్రం కిందకే వస్తారు. స్పీడు తగ్గించు, బెల్లు కొట్టు. నీ బండికి బెల్లు లేదు కదా, బరువు పెరుగుతుందనా? పెట్టించుకో, వంద గ్రాములు కూడా ఉండదు.

ఇంక అసలు విషయానికొస్తా. నువ్వు ఇప్పటిదాకా "సైక్లిస్టులు" అన్నప్పుడల్లా హెల్మెట్టూ, టైటు నిక్కరూ ఉన్నవాళ్ళ గురించే మాట్లాడావు. గండిపేట రోడ్డులో, కోకాపేట సైట్ల దగ్గర, పొద్దున ఐదున్నరకి ఎంతమంది సైకిల్ మీద పోతున్నారో ఎప్పుడైనా చూశావా? పాలవాళ్ళు చాలామంది టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్‌కి మారిపోయారనుకో, కానీ నైట్ డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డులు, హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియరూ పచ్చ హెల్మెట్టూ తగిలించుకుని సైటుకి పోయే బీహార్, ఒడిశా కుర్రాళ్ళు, పేపర్ పిల్లలు, వెనక స్టాండు మీద ఆకుకూరల మూట కట్టుకున్న పెద్దాయన, వీళ్ళంతా మనకంటే ముందే రోడ్డెక్కినవాళ్ళు, రోజూ ఎక్కేవాళ్ళు, వాన పడితే రైడ్ క్యాన్సిల్ చేసుకునే వీలు లేనివాళ్ళు. వీళ్ళకి ఎలా నమస్కారం పెట్టాలో మన క్లబ్బుల్లో ఎవరూ చెప్పరు.

నా మాట ఏంటంటే ఎవడి బండి ఖరీదు ఎక్కువో వాడే ముందు పలకరించాలి, అవతలినుంచి జవాబు కోసం చూడకూడదు. ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, సైకిల్ మీద మర్యాద అనేది ఒకప్పుడు మన ఊళ్ళలో చాలా చేదు విషయంరా. మాష్టారు ఎదురొస్తే పిల్లలం సైకిల్ దిగి నించునేవాళ్ళం, అది ప్రేమ, భయం కలిసిన గౌరవం, దాని సంగతి సరే. కానీ తెలంగాణలో దొర గడీ ముందునుంచి సైకిల్ తొక్కుకుంటూ పోకూడదు, దిగి చెప్పులు చేత పట్టుకుని నడిపించుకుంటూ పోవాలి, మా వైపు కూడా కొన్ని ఊళ్ళలో పెద్దిళ్ళ ముందు కొన్ని కులాలవాళ్ళకి అదే రూలు. ఆ రోజులు చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. అలాంటి చోట పుట్టిన ఒక పెద్దాయన నిన్ను చూసి చెయ్యెత్తలేదని నువ్వు చిన్నబుచ్చుకుంటే ఎలా చెప్పు. ఎత్తాల్సింది నువ్వు.

ఎత్తేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. నువ్వు 30లో దూసుకుపోతూ బొటనవేలు చూపించి "సూపర్ అంకుల్" అని అరిచావనుకో, అది నమస్కారం అవ్వదు, పిల్లాడికి శభాష్ చెప్పినట్టుంటుంది, ఆయన రోజూ చేసే పనికి నీ మెప్పు దేనికి? పక్కకొచ్చినప్పుడు ఒక క్షణం స్పీడు ఆయనకి కలిపి, "నమస్తే పెద్దాయనా" అని, వీలైతే తల వంచి, వెళ్ళిపో. సైటు కుర్రాళ్ళకైతే "నమస్తే భయ్యా" చాలు. మూట ఉన్నవాడు చెయ్యి తీయలేడు, తీస్తే మూట ఒక పక్కకి లాగేస్తుంది, కాబట్టి జవాబు చూపులోనే వస్తుంది, ఒక్కోసారి బెల్లుతో వస్తుంది. ఎత్తు మీద బరువు నెట్టుకుంటూ వెళ్ళేవాడు కనిపిస్తే "కమాన్ కమాన్" అనొద్దు, అది మన రేసుల్లో మాట. ఊరికే దారి వదులు, మరీ ఇబ్బంది పడుతుంటే దిగి "పట్టనా?" అని అడుగు. ఫోన్ తీసి ఫోటో మాత్రం అస్సలు వద్దు, రియల్ హీరో అని స్టేటస్ పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రోజూ పనికి సైకిల్ తొక్కే ఈ జనం నిన్ను పలకరించే తీరు కూడా నేర్చుకోవాలి, ఎందుకంటే వాళ్ళు గుడ్ మార్నింగ్ అనరు, "ఎంత పడింది?" అంటారు. చిలుకూరు రోడ్డులో ఏ టీ కొట్టు దగ్గర ఆగినా ఇదే మొదటి ప్రశ్న, రెండోది "గేర్లు ఎన్ని?", మూడోది "ఇంత సన్న టైరు మన రోడ్లకి ఆగుద్దా?". మనవాళ్ళు కొందరు మొహం తిప్పుకుంటారు, కొందరు పదివేలని అబద్ధం చెప్తారు. అది ఆరా తియ్యడం అనుకోకు, మన దగ్గర మాట కలపడం అలాగే మొదలవుద్ది. నేనేం చేస్తానంటే రేటు చెప్పకుండా "ఒకసారి ఎత్తి చూడు బాబాయ్" అంటాను. ఆయన తన హీరో జెట్ ఎత్తే అలవాటుతో, ఆ ఇరవై కేజీల బండికి పెట్టే బలం అంతా పెట్టి లేపుతాడు, ఇది ఎనిమిదో తొమ్మిదో కేజీలు, ఒక్కసారిగా గాల్లోకి వచ్చేస్తుంది, ఆయన నవ్వేస్తాడు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు, తర్వాత ఆయన బండి నేను ఎత్తుతాను, నడుం పట్టేస్తుంది. అక్కడితో రేటు సంగతి అందరూ మర్చిపోతారు. అయినా మళ్ళీ అడిగితే నిజం చెప్పెయ్, "ఈఎంఐ బాబాయ్" అని కలుపు, అది అందరికీ అర్థమయ్యే బాధే.

స్కూలు పిల్లలు నీతో రేసు పెడతారు, అదే వాళ్ళ హలో. కాస్త దూరం వాళ్ళని గెలవనివ్వు. ఎలక్ట్రిక్ సైకిళ్ళ మీద ఫుడ్ డెలివరీ కుర్రాళ్ళని మాత్రం మాటల్లో పెట్టకు, వాళ్ళ టైము యాప్ చేతిలో ఉంటుంది, తలూపి దారి ఇవ్వు.

డ్రాఫ్టింగ్ గురించి నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. ముక్కూ మొహం తెలియనివాడి వెనక చక్రానికి అతుక్కుని గాలి చాటున పోవడం, పిలవని పేరంటానికి పోయినట్టే. ముందు పక్కకొచ్చి కనపడు, "వెనక రావచ్చా అన్నా?" అని అడుగు, ఒప్పుకుంటే వెళ్ళు, కాసేపయ్యాక నువ్వు ముందుకొచ్చి నీ వంతు లాగు. ఆడపిల్ల ఒంటరిగా తొక్కుతుంటే అసలు వెనక ఉండకు, ముఖ్యంగా తెల్లవారకముందు. నీ మనసులో ఏం లేకపోవచ్చు, కానీ చీకట్లో వెనక టైరు చప్పుడు వినేది ఆ అమ్మాయి. "రైట్ సైడ్ అండీ" అని చెప్పి దాటేసి దూరం వెళ్ళిపో. గేరు ఎలా వెయ్యాలో, సీటు ఎంత ఎత్తు ఉండాలో అడగకుండా చెప్పకు. మీ అక్క సైకిల్ మానేసింది కాళ్ళ నొప్పులకి కాదురా, ఇలాంటి ఉచిత సలహాలకే.

బ్రెవేలకి, అదే టైము లోపల పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ రైడ్లకి, వెళ్తానన్నావు కదా, అక్కడ మర్యాద ఇంకో రకం. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40 గంటల టైమిస్తారు, రేసు కాదు కాబట్టి జనం బాగా మాట్లాడతారు, మొదటి యాభై కిలోమీటర్లు పెళ్ళివారి బస్సులా ఉంటుంది. రాత్రి పడ్డాక మాత్రం మాటలు తగ్గుతాయి, అక్కడ నీ లైటే నీ పలకరింపు, ఎదురుగా సైకిల్ వస్తుంటే కిందికి దించు, వెయ్యి ల్యూమెన్లు కళ్ళల్లో కొట్టి నువ్వు ఎంత ప్రేమగా చెయ్యి ఊపినా అవతలివాడికి బూతే నోట్లోకి వస్తుంది. పక్కవాడు ఎంతసేపటికీ మాట్లాడకపోతే, బండి కొంచెం అటూ ఇటూ ఊగుతుంటే, వాడికి నిద్ర వస్తోందని అర్థం, అప్పుడు మొహమాటం లేకుండా కబుర్లు మొదలెట్టు, ఊరేది, ఏం తిన్నావు, ఏదైనా సరే, తర్వాత ఊళ్ళో టీ దాకా వాడి నోరు ఆడించు. సొంత కారువాళ్ళ సాయం కంట్రోల్ పాయింట్ల దగ్గరే, అంటే దారిలో హాజరు వేయించుకునే చోట్లే, తీసుకోవాలని రూలుంది గానీ, తోటి రైడర్ దారిలో ఎక్కడైనా సాయం చెయ్యొచ్చు. ఫ్రాన్స్‌లో నాలుగేళ్ళకోసారి జరిగే పారిస్ బ్రెస్ట్ పారిస్ రైడ్‌కి, 90 గంటల్లో 1200 కిలోమీటర్లు, మనవాళ్ళు కూడా వెళ్ళొస్తున్నారు. అక్కడ ఊళ్ళవాళ్ళు ఇళ్ళ ముందు బల్లలేసుకుని అర్ధరాత్రి కూడా కాఫీ, నీళ్ళు ఇస్తారు, "బాన్ కురాజ్", అంటే ధైర్యంగా సాగు, అని అరుస్తారు. 2027లో మళ్ళీ ఉంది, నీకు అంత ఓపిక ఉందో లేదో ముందు ఒక 200 అయ్యాక చూద్దాం.

ఇంకొకటి, అన్నిటికంటే తప్పకూడనిది. రోడ్డు పక్కన ఎవరైనా సైకిల్ తిరగేసి కూర్చుంటే, అది కార్బన్ బండైనా అట్లాస్ అయినా, స్పీడు తగ్గించి "ఓకేనా?" అని అడక్కుండా దాటకు. బొటనవేలెత్తితే వెళ్ళిపో. తల అడ్డంగా ఊపితే ఆగాలి, నీ యావరేజ్ స్పీడు పోతే పోనీ. ఇక్కడే మన రెండు రకాల బళ్ళకీ ఒక తిరకాసుంది. మామూలు సైకిల్ ట్యూబుకి గాలి కొట్టే చోట ఉండేది డన్‌లప్ వాల్వు, నీ దానికి సన్నటి ప్రెస్టా వాల్వు, ఊళ్ళో పంక్చర్ షాపు పంపు చాలాసార్లు నీదానికి పట్టదు. ఇత్తడి అడాప్టర్ అని చిటికెన వేలి గోరంత ఉంటుంది, ప్రెస్టా మీద బిగిస్తే బైకుల గాలి మిషన్ పట్టుద్ది, ఖరీదు కూడా ఏమంత కాదు. రెండు మూడు కొను. ఒకటి నీ సీటు బ్యాగులో వేసుకో, ఇంకొకటి గండిపేట దారిలో మనం ఎప్పుడూ టీ తాగే చోట ఉన్న పంక్చర్ షాపాయనకి ఇచ్చి, ఎలా బిగించాలో చూపించు, ఆయన రెండుసార్లు అడిగాడు, నాకు ఈ వారం అటు వెళ్ళడం కుదరట్లేదు.

మీ అమ్మని అడిగానని చెప్పు. బెల్లు మాత్రం మర్చిపోకు.

మీ మావయ్య