నేను ఎవరికీ నంబర్ ఇవ్వకపోయినా, పేరు పెట్టి మరీ లోన్ కాల్స్ ఎలా వస్తున్నాయి?

మీరు ఇవ్వలేదు సరే, మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లు ఇచ్చి ఉంటారు. ఫోన్ చేసేదెవరో పేరు చూపించే కాలర్ ఐడీ యాప్ వేసుకుని, కాంటాక్ట్స్‌కి అనుమతి అడగ్గానే చూడకుండా నొక్కేస్తాం కదా, దాంతో ఫోన్‌బుక్ మొత్తం ఆ కంపెనీ సర్వర్‌కి చేరిపోవచ్చు. మీ ఫోన్‌లో ఆ యాప్ లేకపోయినా ఒకటే. ఓసారి స్నేహితుడి ఫోన్‌లో నా నంబర్ కొట్టి చూస్తే ‘రెండో ఫ్లోర్ టూలెట్’ అని వచ్చింది. ఎప్పుడో ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్లు అలా సేవ్ చేసుకున్నట్టున్నారు!

నంబర్ ఒక్కటి దొరికితే చాలు, పేరు పట్టుకోవడం ఇంకా తేలిక. యూపీఐ యాప్‌లో ఆ నంబర్‌కి డబ్బు పంపబోతే, రూపాయి కదలకముందే బ్యాంకులో ఉన్న అసలు పేరు కనిపిస్తుంది. పొరపాటున వేరేవాళ్లకు పంపకుండా పెట్టిన ఏర్పాటే అది, కానీ అవతలివాడికీ పనికొస్తుంది. వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫొటో ‘ఎవ్రీవన్’ అని వదిలేస్తే ముఖం కూడా తెలిసిపోతుంది. ఇక ఓటర్ల జాబితాలో పేరు, వయసు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబర్ ఉంటాయి. అది ఎలాగూ అందరూ చూడగలిగేదే.

పూర్తిగా మాయమవడం కుదరదు. కాలర్ ఐడీ యాప్‌ల వెబ్‌సైట్‌లో ‘అన్‌లిస్ట్’ (మీ నంబర్‌ని వాళ్ల జాబితాలోంచి తీసేయడం) ఉంటే వాడండి. ప్రొఫైల్ ఫొటో కాంటాక్ట్స్ వరకే పెట్టుకోండి. షాపుల్లో బిల్లు కౌంటర్ దగ్గర నంబర్ అడిగితే వద్దనేయండి. నంబర్ కోసం పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే చెప్పింది. లక్కీ డ్రా కూపన్ల సంగతి వేరే చెప్పాలా?