ఎర్రమట్టి రోడ్డుకి ఏ బండి? ఖమ్మం తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆస్ట్రేలియాలో అడిలైడ్ వచ్చి ఎనిమిది నెలలైంది, చేతిలో పద్దెనిమిది వేల డాలర్లున్నాయి, జూలైలో ఊడ్నాదత్తా ట్రాక్ అనే ఎడారి మట్టిరోడ్డు మీదుగా ఉలురు ఎర్రరాతికొండ దాకా పోవాలి, ఏ ఫోర్ వీల్ డ్రైవ్ కొనాలన్నా అని అడిగావు. ఆ పద్దెనిమిది వేలల్లో నీ సొంతం ఎంత, కార్డు మీద గీకేది ఎంత, అది మాత్రం రాయలేదు. ముందు రాయాల్సింది అదే.

సరే, నా కథ విను. 2013లో నా పరిస్థితీ అచ్చం నీదే. తెనాలి నుంచి వచ్చి ఏడాదిన్నర. నాన్న పొలం మీద తెచ్చిన అప్పు ఇంకా సగం కూడా తీరలేదు. అయినా ఒక యూరప్ కంపెనీ బండి కొన్నాను, పేరెందుకులే. సెకండ్ హ్యాండ్‌దే, పదమూడు వేల ఎనిమిది వందల డాలర్లు. నల్లటి రంగు, తోలు సీట్లు, ఇరవై అంగుళాల చక్రాలు. ఎందుకు కొన్నానంటే, నిజం చెప్పాలి కదా, ఫొటో తీసి ఊరికి పంపడానికి. వెనక 4X4 అని మెరిసే అక్షరాలున్నాయి, ఎడారైనా దాటేస్తుందనుకున్నాను. అమ్మినవాడూ అదే అన్నాడు. వాడు అనక ఏమంటాడు?

ఆ బండేసుకునే ఊడ్నాదత్తా ట్రాక్‌కి బయల్దేరాం. మారీ ఊరి దగ్గర తారు అయిపోతుంది. అక్కణ్ణుంచి మార్లా దాకా దాదాపు 620 కిలోమీటర్లు మట్టీ గులకా. ఒకప్పటి ఘాన్ రైలు ఆ దారినే పోయేది, తుప్పు పట్టిన వంతెనలు ఇంకా కనిపిస్తాయి. రోడ్డు అడ్డంగా అలలు తేలి ఉంటుంది. సిమెంటు రేకుల కప్పు మీద బండి తోలినట్టే అనుకో. పళ్లు కటకటలాడుతుంటే మీ వదిన "నెమ్మదిగా పోండి" అంటూనే ఉంది. నేను వింటేనా! టైర్లలో గాలి తగ్గించాలన్న సంగతి కూడా నాకు తెలియదు. బంకులో మెకానిక్ తక్కువుందని అంటే, పైపెచ్చు, ఇంకా నింపించాను.

విలియం క్రీక్ ఇంకా నలభై కిలోమీటర్లుందనగా ముందు టైరు పోయింది. అక్కడ నేల మీద పరుచుకుని ఉండే రాళ్లని గిబ్బర్ అంటారు, అంచులు కత్తిపీటలా ఉంటాయి. టైరు పక్కగోడ బొటనవేలు పట్టేంత చీలింది. అతుకు పడే చీలిక కాదది. డిక్కీ తెరిచి స్టెప్నీ తీశాను. తీస్తే ఏముంది, సైకిల్ టైరంత సన్నటి బొమ్మ స్టెప్నీ, మీద "80 దాటొద్దు" అని పసుపు స్టిక్కరు. అది వేసుకుని పదకొండు కిలోమీటర్లు పోయాం. అదీ పోయింది.

అప్పుడే ఇంకోటి చూశాను. వెనక మా అత్తగారు పంపిన ఆవకాయ గాజుసీసా ఆ అలల దెబ్బకి పగిలి, నూనె తోలుసీట్ల కుట్ల లోపలికంటా దిగిపోయింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఫోన్లో సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. రెండున్నర గంటలకి ఒక ముసలి జంట వచ్చారు. పాత ల్యాండ్ క్రూజర్, రంగు వెలిసిపోయింది, దాని వెనక కారవాన్. రిటైరై దేశమంతా తిరిగేవాళ్లు. శాటిలైట్ ఫోన్‌తో కబురు చేశారు, టీ ఇచ్చారు. ఆయన నా బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి "బాగుంది, సిటీలో" అన్నాడు. ఆ ఒక్క మాటా పదమూడేళ్లుగా చెవిలో మోగుతూనే ఉంది.

లాగుడు బండి మీద కూబర్ పెడీ చేరాం. లాగినవాళ్లు గట్టిగానే అడిగారు. వాళ్ల తప్పేం లేదు, అంత దూరం వచ్చినవాడు అంత అడుగుతాడు. పదహారు, పదిహేడు అంగుళాల టైర్లు అక్కడ తేలిగ్గా దొరుకుతాయి. నా ఇరవై అంగుళాలవి అడిలైడ్ నుంచి రావాలి, నాలుగు రోజులు. కూబర్ పెడీలో ఎండకి తట్టుకోలేక ఇళ్లూ హోటళ్లూ నేలకింద తవ్వుకుంటారు. కిటికీ లేని ఆ గదిలో పడుకుని నేను చేసిన పని ఒక్కటే, లెక్క. లాగినందుకు 1,400, టైర్లకి 900, గదికి 520. మొత్తం 2,820 డాలర్లు. అప్పటి రేటుకి లక్షా యాభై వేల పైమాటే. మా ఊళ్లో ఎకరం కౌలు ఎన్నేళ్లు కట్టొచ్చో వేళ్ల మీద లెక్కేసుకుంటుంటే తెల్లారింది. తెల్లారిందన్నది కూడా గడియారం చూస్తేనే తెలిసింది.

ఆ బండిని ఏడాది తర్వాత 8,200కి అమ్మాను. కొనేవాడు తలుపు తీసి ముక్కు ఎగబీల్చి, ఈ వాసనేంటన్నాడు. ఆవకాయకి అయిదు వందలు కొట్టేశాడు. ప్రపంచంలో అంత ఖరీదైన పచ్చడి ఎవడూ తిని ఉండడు, నేనూ తినలేదు.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. మీ తరానికి ప్రతిదీ కొత్తగా మెరవాలి, నెలవాయిదా మీద రావాలి. కొత్త డీజిల్ బండి అప్పు మీద తీసుకుని, రోజూ ఆఫీసుకి ఎనిమిది కిలోమీటర్లు తిప్పావనుకో, పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది బాగా వేడెక్కితేనే మసి కాలుతుంది. చిన్న చిన్న తిరుగుళ్లకి కాలక మూసుకుపోతుంది. ఏడాదికి ఒక టూరు కోసం మిగతా పదకొండు నెలలు దాన్ని మేపాలా?

పాతదే కొను. నీ డబ్బుకి రెండు దారులున్నాయి. ఒకటి టయోటా ప్రాడో. నడుస్తుంది, ఏ మూలకి పోయినా స్పేర్లు దొరుకుతాయి, తర్వాత అమ్మినా ధర నిలుస్తుంది. 150 సిరీస్‌లో రెండు ట్యాంకులు కలిపి 150 లీటర్లు. కానీ ఆ పేరుకే మూడు నాలుగు వేలు ఎక్కువ గుంజుతారు, ఇక్కడివాళ్లు దాన్ని టయోటా పన్ను అంటారు. పాత మూడు లీటర్ల డీజిల్ ప్రాడో అయితే లక్షా యాభై వేల కిలోమీటర్లకి ఇంజను లోపల తిరిగే టైమింగ్ బెల్టు మార్చారా అని బిల్లు చూపించమను. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క.

రెండోది మిత్సుబిషి పజేరో, 3.2 డీజిల్. 2021లో తయారీ ఆపేశారు కాబట్టి జనం మొహం తిప్పుకుంటారు, అందుకే చవక. బెల్టు గొడవ లేదు, గొలుసు ఉంటుంది. నెమ్మదిగా, గట్టిగా లాగే లో రేంజ్ గేరు ఉంది. స్టెప్నీ వెనక తలుపుకి పూర్తి సైజులో వేలాడుతుంటుంది, నాకైతే అదొక్కటే చాలు. నేను 2015 నుంచి నడుపుతున్నది అదే, మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. మీ వదిన మారుద్దామంటుంది. ఎందుకు?

ఊడ్నాదత్తా ట్రాక్ ఎండకాసిన రోజుల్లో ఎత్తైన ఆల్ వీల్ డ్రైవ్‌తో కూడా దాటొచ్చు. నీ ఫ్రెండుకి సుబారు ఫారెస్టర్ ఉంటే అదీ పోతుంది, మంచి టైర్లుంటే. మారీ, విలియం క్రీక్, ఊడ్నాదత్తా, మార్లా, రెండొందల కిలోమీటర్లకో బంకు తగులుతుంది కాబట్టి పెద్ద ట్యాంకూ అక్కర్లేదు. వానపడితే మాత్రం ఏ బండీ పనికిరాదు, రోడ్డు మూసేస్తారు. సింప్సన్ ఎడారి వేరే లెక్క. వెయ్యికి పైగా ఇసుక దిబ్బలు, ఈ చివర మౌంట్ డేర్ నుంచి ఆ చివర బర్డ్స్‌విల్ దాకా బంకు లేదు. అది నీకు రెండో ఏడాది, మూడో ఏడాది మాట.

కాబట్టి పద్దెనిమిది వేలూ బండికి పెట్టకు. పదమూడు పెట్టు. పదిహేను వందలు టైర్లకి. లైట్ ట్రక్ రకం, గట్టి పక్కగోడవి, అయిదూ ఒకే రకం, వీలైతే ఆరోది పాతదైనా సరే. ఇంజనుకి గాలి పీల్చే పొడుగు గొట్టం స్నోర్కెల్, ఇరుక్కున్న బండిని లాగే వించి, పైన గుడారం, లైట్ల వరస, ఇవన్నీ ఇన్‌స్టాలో లైకుల కోసం. పైగా ఆ బరువంతా కలిపి బండికి రాసిన పరిమితి దాటితే ఇన్సూరెన్సువాడు చేతులెత్తేస్తాడు. పాలసీలో మట్టిరోడ్లు ఉన్నాయో లేవో కూడా చదువు, నేను చదవలేదు. అత్యవసర సిగ్నల్ ఇచ్చే పీఎల్‌బీ ఒకటి, మనిషికి రోజుకి అయిదారు లీటర్ల నీళ్లు, వీటిలో పిసినారితనం వద్దు. చెడిపోతే బండి వదిలి నడవకు. మిగతా డబ్బు ముట్టుకోకు. ఊరినుంచి అర్ధరాత్రి ఫోన్ వస్తే టికెట్టుకి ఉండాలి.

బండి చూసేటప్పుడు సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగు. కడిగినవాడు అక్కడ కడగడు. ఎర్రదుమ్ము రాలితే ఆ బండి లోపలి దారులు తిరిగొచ్చిందన్నమాట, అమ్మేవాడు సిటీ బండేనన్నా నమ్మకు. కింద దూరి తుప్పు చూడు, బీచిలో తిప్పిన బండ్లకి ఉప్పు తినేసి ఉంటుంది. పీపీఎస్ఆర్ అని ప్రభుత్వ రిజిస్టరుంది, రెండు డాలర్లకి ఆ బండి మీద పాత అప్పు ఉందో లేదో చెప్తుంది. ఉంటే అప్పిచ్చినవాడు నీ ఇంటికొచ్చి బండి పట్టుకుపోగలడు. వేరే మెకానిక్‌తో చెక్ చేయించడానికి రెండు మూడు వందలవుతుంది, పెట్టు. లైసెన్సు, రిజిస్ట్రేషను, పార్కుల పర్మిట్ల సంగతులు ప్రభుత్వ సైట్లలో ఉంటాయి, చదువుకున్నవాడివి, చూసుకో.

మట్టి మీదికి దిగగానే టైర్లలో గాలి ఓ పాతిక, ఇరవై ఎనిమిది పీఎస్ఐకి దించి, స్పీడు తగ్గించు. మళ్లీ తారెక్కాక నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ కొనుక్కో. గాలి కొలిచే గేజి కొనకు. నా దగ్గర రెండున్నాయి, బండి చూడ్డానికి వెళ్లే శనివారం ఇటొచ్చి ఒకటి తీసుకుపో.