‘నాన్న’ అని ఎంతమందిని పిలుస్తారు?
మానవ సమాజాలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కొన్ని సమాజాల్లో తండ్రినీ, తండ్రి సోదరులనూ ఒకే మాటతో పిలుస్తారట. అంటే కన్నతండ్రి ఎవరో వాళ్లకు తెలియదనా?

జవాబు: కాదు. వాళ్లకు తెలుసు, అడిగితే చెబుతారు కూడా. ఇలాంటి పొరపాటు పేరున్న పండితులే చేశారు. అమెరికా మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గాన్ ఎన్నో భాషల బంధుత్వ పదాలను పోగుచేసి 1871లో అచ్చువేశారు. ఉత్తర అమెరికాలోని సెనెకా జనం తండ్రినీ, తండ్రి సోదరుణ్ణీ ఒకే మాటతో పిలుస్తారనీ, మేనమామకు వేరే మాట వాడతారనీ ఆయన గమనించారు. హవాయిలోనైతే మేనమామ కూడా ఆ ఒక్క మాటలోనే కలిసిపోతాడు. ఇంతవరకూ గొప్ప పనే. కానీ హవాయి పదాలను చూసి, ఒకప్పుడు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ గుంపుగా కాపురం చేసేవారని ఆయన ఊహించారు. ఆ ఊహకు ఆ మాటలు తప్ప వేరే ఆధారం లేదు.

ఇంగ్లిషులో ‘అంకుల్’ చూడండి. తండ్రి అన్న, తల్లి తమ్ముడు, మేనత్త భర్త ముగ్గురూ అందులోనే ఉన్నారు. అంతమాత్రాన ఇంగ్లిషువాళ్లకు ఎవరు తల్లివైపో, ఎవరు తండ్రివైపో తెలియదని అనలేం కదా! వరస అనేది రక్తం ఒక్కదాన్నే చెప్పదు. ఎవరికి ఎంత మన్నన ఇవ్వాలి, ఎవరి బరువు ఎవరు మోయాలి, ఎవరిని పెళ్లాడకూడదు అన్నవీ అందులో ఇమిడి ఉంటాయి. తల్లిదండ్రుల తోబుట్టువుల పిల్లలను ఏమని పిలుస్తారన్న దాన్ని బట్టి మరో అమెరికా మానవశాస్త్రవేత్త జార్జ్ పీటర్ మర్డాక్ 1949లో ఈ పద్ధతులను ఆరు రకాలుగా విడదీశారు.

ప్రశ్న: మానవశాస్త్ర విద్యార్థిని. ఒక సమాజంలోని బంధుత్వాలను రాసుకురావాలి. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: వరసలు అడుగుతూ మొదలుపెట్టకండి. ముందు వంశవృక్షం, ఆ తర్వాతే వరసలు. ఆస్ట్రేలియా, న్యూగినీల మధ్యనున్న టోరెస్ జలసంధికి 1898లో సాగిన పరిశోధన యాత్రలో బ్రిటిష్ పరిశోధకుడు డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. ప్రశ్నల్లో తండ్రి, తల్లి, బిడ్డ, భర్త, భార్య అన్న ఐదు మాటలు మించకూడదు. ‘సోదరుడు’ అన్నారా, చిక్కులో పడ్డట్టే. ఆ మాటకు మీ లెక్క ఒకటి, వాళ్ల లెక్క ఇంకొకటి.

“మిమ్మల్ని కన్న తల్లి పేరేమిటి? ఆమె ఎవరెవరిని కన్నది?” అని పుట్టిన వరుసలో అడగండి. ఆ పిల్లల్లో ఒక్కొక్కరి భార్య లేదా భర్త ఎవరు, వాళ్ల పిల్లలెవరు అని కిందికి దిగండి. తర్వాత తండ్రి వైపు కూడా ఇలాగే. కాగితం మీద మగవారికి త్రిభుజం, ఆడవారికి సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు, సంతానానికి నిలువు గీత, చనిపోయినవారి గుర్తు మీద ఏటవాలు గీత. మీకు చెబుతున్న వ్యక్తి గుర్తును నల్లగా నింపండి. బతికున్నవారి పేర్లు విడిగా దాచి, పటంలో అంకెలే వేయండి. బంధుత్వాలను ఒక్కో ఇంగ్లిషు అక్షరంతో కుదించి రాస్తే సోదరికి ‘జెడ్’ రాయాలి, ఎందుకంటే ‘ఎస్’ను కొడుకుకు కేటాయించేశారు. చాలామంది ఇక్కడే తికమకపడతారు.

పటం పూర్తయ్యాక ఒక్కొక్కరినీ చూపించి, “ఈయనను ఏమని పిలుస్తారు? ఆయన మిమ్మల్ని ఏమంటారు?” అని అడగండి. ఎదురుగా పిలిచే మాట, ఇతరులతో చెప్పేటప్పుడు వాడే మాట వేరు కావచ్చు కనుక రెండూ రాసుకోండి. మాట్లాడేది ఆడవారా, మగవారా అన్నదాన్ని బట్టి కూడా పదాలు మారే భాషలున్నాయి. అందుకే ఇద్దరినీ అడగాలి.

పటాల్లో ఎక్కువగా జారిపోయేది పసితనంలోనే పోయిన పిల్లలు, పెళ్లయి వెళ్లిపోయిన ఆడవాళ్లు, దత్తత వెళ్లినవాళ్లు. దత్తతకు చుక్కల గీత వాడండి. ఒకరు చెప్పినదాన్ని మరొకరి దగ్గర, మొదటివారు లేనప్పుడు, సరిచూసుకోండి. చనిపోయినవారి పేరు పలకడం నిషిద్ధమైన చోట బలవంతపెట్టకండి. నీలగిరుల్లోని తోడా గిరిజనుల దగ్గర రివర్స్‌కు ఈ ఇబ్బందే ఎదురైంది. ఆ నిషేధం వర్తించని వేరే వంశాలవాళ్లను అడిగి ఆయన పని నడిపారు.

ప్రశ్న: తల్లి వంశం లెక్కలోకి వచ్చే సమాజాల్లో పెత్తనం ఆడవాళ్లదేనా?

జవాబు: మూడు సంగతులను విడదీసి అడగాలి. బిడ్డ ఎవరి వంశానికి చెందుతుంది? పెళ్లయ్యాక కాపురం ఎక్కడ? ఆస్తి, పదవి ఎవరి చేతికి వెళతాయి? పాపువా న్యూగినీలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో వంశం తల్లిదే, అయినా భార్య భర్త ఉన్న చోటికే వెళుతుంది. పెద్దరికం మేనమామ నుంచి మేనల్లుడికి సంక్రమిస్తుంది. ఇండొనేషియాలో పశ్చిమ సుమత్రాకు చెందిన మినంగ్‌కబావు జనంలో పూర్వీకుల ఇల్లు, పొలం కూతుళ్లకు వస్తాయి, వంశపు బిరుదు మాత్రం మగవాళ్లదే. రెండుచోట్లా వంశం తల్లిదే, అయినా కాపురం, ఆస్తి ఒకేలా లేవు. కాబట్టి ‘మాతృస్వామ్యం’ (ఆడవాళ్ల పెత్తనం) అన్న మాట రాసేముందు ఈ మూడింటికీ విడివిడిగా జవాబు రాసుకోండి.