మంట వేరు, ఇంజన్ వేరు

ప్రశ్న: మాది విజయవాడ. ఒక్క పన్నెండు టైర్ల లారీయే నా కుటుంబానికి ఆధారం. 2023 డిసెంబరులో కార్గిల్‌కు ట్రాన్స్‌ఫార్మర్ సామాను వేసుకెళ్లింది. పఠాన్‌కోట్‌లో ట్యాంకు నిండా డీజిల్ కొట్టించాం. కార్గిల్‌కు ముందున్న ద్రాస్‌లో, గడ్డకట్టే చలిలో, రాత్రి ఇంజన్ ఆపి పడుకుంటే తెల్లారి స్టార్ట్ కాలేదు. డ్రైవర్ ట్యాంకు కింద గుడ్డలు కాల్చి వేడి చేశాడు. క్లీనర్ ఎయిర్ పైపులోకి స్టార్టింగ్ స్ప్రే కొట్టాడు. మంట గాలికి వైరింగ్‌కు అంటుకుంది, ఇంజన్ లోపల పెద్ద చప్పుడు వచ్చింది. బండిని శ్రీనగర్‌కు లాక్కొచ్చి బాగుచేయిస్తే మొత్తం 4,85,000 అయింది. మా ఆవిడ నగలు తాకట్టులో ఉన్నాయి. ‘మెకానికల్ బ్రేక్‌డౌన్, డ్రైవర్ నిర్లక్ష్యం’ అంటూ బీమా కంపెనీ 2024 ఏప్రిల్ 8న క్లెయిమ్ తిరస్కరించింది. అప్పటినుంచి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. కల్తీ డీజిల్ పోసిన బంకు మీద, డ్రైవర్ మీద కేసులు వేయొచ్చా? బండి మంచులో జారి గోడను గుద్దిందని రాసిస్తే డబ్బు వస్తుందని ఒక ఏజెంటు అంటున్నాడు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కూడా బ్యాలెన్స్ కిరాయి 60,000 ఆపేసింది.

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలుంది. పనికొచ్చేది అందులో ఒక్క వాక్యమే: ‘మంట గాలికి వైరింగ్‌కు అంటుకుంది’. మీ కేసు దాని మీదే నిలబడుతుంది.

మీ ప్యాకేజీ పాలసీలో సొంత బండికి జరిగిన నష్టం గురించిన భాగం తీసి చదవండి. నిప్పు, పేలుడు వల్ల కలిగే నష్టానికి రక్షణ ఉంటుంది. మెకానికల్, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌కు ఉండదు. మీరేమో 4,85,000 మొత్తాన్ని ఒకే బిల్లుగా పెట్టారు, కంపెనీ కూడా ఒకే మాటతో కొట్టేసింది. వైరింగ్, పైపులు, క్యాబిన్ అడుగు భాగం, ముందు టైర్లు మంటకు పోయాయి. పిస్టన్లు, రింగులు స్ప్రేకు పోయాయి. స్ప్రేలో ఉండే ఈథర్ వేళకు ముందే అంటుకుంటుంది, ఇంజన్‌లోకి వెళ్లే గాలిని వేడిచేసే ఇన్‌టేక్ హీటర్ పనిచేస్తుంటే మరీ ప్రమాదం. ఇంజన్ లోపల జరిగిందీ పేలుడే కదా అని వాదించొచ్చు గానీ, నాకు దాని మీద నమ్మకం లేదు. ఇంజన్ సొమ్ము మీద ఆశ పెట్టుకోకండి. మంట లెక్క గెలవండి. అందులోనూ రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగుదల కోస్తారని ముందే తెలుసుకోండి.

‘డ్రైవర్ నిర్లక్ష్యం’ అన్న మాటకు బెదరకండి. పనివాడి అజాగ్రత్త వల్ల నిప్పంటుకోవడం కూడా బీమా చేయించుకునే ప్రమాదాల్లో ఒకటి. కావాలని తగలబెడితేనే క్లెయిమ్ పోతుంది. అందుకే డ్రైవర్ మీద పోలీసు కేసు ఆలోచన మానుకోండి. ‘వాడే తగలబెట్టాడు’ అని మీరు ఫిర్యాదు రాస్తే కంపెనీ లాయరు మొదట చూపించేది ఆ కాగితాన్నే. పైగా కళ్లారా చూసిన మీ సాక్షులు అతనూ, క్లీనరూ మాత్రమే. జీతం బాకీ ఉంటే తీర్చి, జరిగింది జరిగినట్టు ఇద్దరితోనూ అఫిడవిట్ చేయించండి.

బంకు సంగతి వదిలేయండి. అది కల్తీ కాదు, మైనం. డీజిల్‌లోని మైనం చలికి గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. డీజిల్ నాణ్యతకు మన దేశం పెట్టుకున్న ఐఎస్ 1460 ప్రమాణం ప్రకారం చలికాలపు డీజిల్‌కు ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రత 6 డిగ్రీలు మించకూడదు, వేసవికి 18. పఠాన్‌కోట్‌లో పోసింది ఎంత స్వచ్ఛమైనా ద్రాస్ డిసెంబరుకు చాలదు. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులోనే మైనస్ 33 డిగ్రీల దాకా పారే చలికాలపు డీజిల్ తెచ్చింది. ద్రాస్ దారిలోని జోజిలా కనుమ ఎక్కబోయే బండికి పంజాబ్ డీజిల్‌తో ట్యాంకు నింపి, గడ్డకట్టకుండా కలిపే మందు కూడా పోయించకుండా, రాత్రి ఇంజన్ ఆపించి, ఇప్పుడు బంకు వాడిది తప్పంటారా? ఆ రోజు డీజిల్ శాంపిల్ తీసి సీలు చేయించారా? లేదు. శాంపిల్ లేని కల్తీ కేసు నిలవదు.

ఏజెంటు సలహా గురించి గట్టిగానే చెప్తున్నాను. మీ క్లెయిమ్ ఫారంలో నిప్పు అని రాసి ఉంది. ఇప్పుడు గోడ అంటే కంపెనీ దగ్గర మీ సంతకంతో రెండు కథలుంటాయి. నిజమైన మంట క్లెయిమ్ కూడా దాంతోనే పోతుంది. పైగా భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది, ఏజెంటు మెడకు కాదు.

గడువు విషయంలో మాత్రం మీకు చివాట్లు తప్పవు. బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి తిరస్కరణ నుంచి ఏడాదిలోపు వెళ్లాలి, అది పోగొట్టుకున్నారు. ఇక మిగిలింది వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లు. మీరు రాసిన ఉత్తరాలేవీ గడువును పొడిగించవు. 2026 ఏప్రిల్ 7లోపు ఫిర్యాదు దాఖలు కావాలి, అంటే మీ చేతిలో ఉన్నది వారాలే. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ, ‘ఉత్తరాలు రాస్తున్నాను’ అన్నది తగిన కారణం కాదు.

దాఖలు చేయడానికి కార్గిల్ వెళ్లక్కర్లేదు, మీరుండే చోటి జిల్లా కమిషన్ చాలు. మీరు కట్టిన ప్రీమియం 5 లక్షలలోపే కాబట్టి ఫీజు లేదు. లారీ వ్యాపారం కాబట్టి మీరు వినియోగదారు కారని కంపెనీ అంటే, హర్సోలియా మోటార్స్ కేసులో 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించండి. ప్రమాదం కబురు కంపెనీకి 9 రోజులు ఆలస్యంగా చెప్పానని కూడా దిగులుపడ్డారు. తిరస్కరణ లేఖలో ఆ కారణం లేదు. లేఖలో లేని కారణాన్ని తర్వాత తేకూడదని సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో 2019లో అదే కోర్టు చెప్పింది.

కాగితాలు: పాలసీ, తిరస్కరణ లేఖ అసలు, టోయింగ్ బిల్లు, ఆ వారం ఫాస్టాగ్ లెక్క, నష్టం లెక్కగట్టిన బీమా సర్వేయర్ రిపోర్టు నకలు (ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి). మంట ఫోటోలు క్లీనర్ ఫోన్‌లో ఉన్నాయన్నారు. వాట్సాప్‌లో వచ్చిన కాపీ కాదు, తీసిన ఫోనే భద్రపరచండి. శ్రీనగర్ మెకానిక్‌తో కాలినవీ విరిగినవీ విడివిడిగా రెండు బిల్లులు రాయించుకోండి, అవి నిజంగా చేసిన పనికి సరిపోవాలి.

కిరాయి వేరే దావా. సామాను చెక్కుచెదరకుండా కార్గిల్ చేరిందని బిల్టీ (సరుకు రవాణా రసీదు) మీద సంతకం ఉంటే 60,000 ఆపే హక్కు వాళ్లకు లేదు. దానికి మూడేళ్లు, 2026 డిసెంబరు దాకా సమయం ఉంది. కమిషన్‌లో మీ ఫిర్యాదుకు నంబరు పడ్డాకే కిరాయి అడుగుతూ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు నోటీసు పంపండి.