ముందు నీ చొక్కా పోగులు లెక్కపెట్టు

అమ్మణ్ణికి మామయ్య దీవెనలు.

ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల్లో మైక్రోప్లాస్టిక్ మీద ప్రాజెక్టు చేస్తానని నువ్వు పెట్టిన మెసేజ్ రెండుసార్లు చదివాను. సంతోషం. కానీ చివర్లో "ఎన్ని ముక్కలు దొరుకుతాయంటావు మామయ్యా?" అని అడిగావే, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. దొరకడం కష్టమేమీ కాదు తల్లీ. ఐదు మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్ ముక్క ఏదైనా లెక్కలోకి వస్తుంది. ఫ్యాన్ వేసి గంటసేపు గిన్నె తెరిచి పెడితే గాలిలోంచే వచ్చి పడతాయి. దొరికినవాటిలో రొయ్యవి ఎన్ని, నీ ఒంటి మీంచి రాలినవి ఎన్ని అని తేల్చడమే పని.

నా సంగతి చెబుతా. మొదటిసారి పది రొయ్యలు కోసి, నలభై పైచిలుకు నీలం పోగులు లెక్కపెట్టి, గొప్పగా మా సారుకి చూపించాను. ఆయన ఏమీ అనలేదు. నా చొక్కా చేతి మీద సెల్లోటేపు అంటించి లాగి, దాన్ని స్లైడు మీద పెట్టి చూడమన్నాడు. అదే నీలం, అదే మందం. మూడు వారాల పని చెత్తబుట్టలో పడింది.

అందుకని పాలిస్టర్ వేసుకుని ల్యాబులోకి పోవద్దు. పాటూరు నూలుబట్ట ముదురు గులాబీ రంగుది ఒకటి తీసుకుని కోటు కుట్టించుకో. గులాబీ పోగు కనిపిస్తే అది నీదేనని తెలిసిపోతుంది. ప్లాస్టిక్ వాష్ బాటిల్ పక్కన పెట్టి గాజుది వాడు. డిస్టిల్డ్ వాటర్ అయినా సరే, ముందు గ్లాస్ ఫైబర్ ఫిల్టర్‌లో వడకట్టాకే వాడు. రొయ్య వేయని బీకరు ఒకటి మొదటి నుంచి చివరి దాకా మిగతా వాటితో పాటే నడిపించు. దాన్నే బ్లాంక్ అంటారు. తడి ఫిల్టర్ పేపరు ఉన్న పెట్రీ డిష్ (చిన్న గాజు పళ్లెం) ఒకటి పక్కనే తెరిచి ఉంచు, గాలిలోంచి ఎన్ని పడ్డాయో దాని మీద తెలుస్తుంది. బ్లాంక్‌లో ఎనిమిది పోగులు, రొయ్యలో తొమ్మిది వచ్చాయంటే నీకేమీ దొరకనట్టే. అది ఒప్పుకోవడానికి సిగ్గుపడకు.

ఇక గుంట దగ్గర. కండలేరు ఉప్పుటేటి నీళ్లు తోడే గుంట ఒకటి, బోరు నీళ్ల గుంట ఒకటి తీసుకో. తేడా ఏమన్నా ఉంటే అక్కడే తెలుస్తుంది. ఏటి నీళ్లు కూడా మోటారు దగ్గర విడిగా పట్టు. నైలాన్ వలతో వడకట్టేవాళ్లని చూశాను. ప్లాస్టిక్ వెతకడానికి ప్లాస్టిక్ వలా? స్టీలు బకెట్, స్టీలు జల్లెడ చాలు. గుంట నీళ్లు పచ్చగా నాచుతో ఉంటాయి కాబట్టి ఫిల్టర్ చిటికెలో మూసుకుపోతుంది. జల్లెడ మీద మిగిలినదాంట్లో నాచు పోవడానికి 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో శుద్ధి చెయ్. దాంట్లో ఇనుము కలిపే పద్ధతి తొందరగా అవుతుంది కానీ బీకరు పాలలా పొంగుతుంది. ఐసు నీళ్ల తొట్టి పక్కనే పెట్టుకో.

గట్టు మీద ఇంకో పని ఉంది, చాలామంది మరిచిపోయేది. ఏరియేటర్ (నీళ్లలో గాలి కలిపే చక్రం) రెక్క అంచు, మేత సంచి పోగు, గుంటకి పరిచిన షీటు ముక్క, పక్షులు రాకుండా కట్టిన దారం, పాత వల, అన్నీ గోరంత కత్తిరించి గాజు సీసాల్లో వేసి పేరు రాసుకో. తర్వాత రొయ్యలో ముక్క దొరికితే దీన్ని దేనితో పోల్చాలో నీ దగ్గరే ఉంటుంది. మేత సంచి పాలీప్రొపిలీన్ అల్లిక. ఎండకి పెళుసై, చేత్తో రుద్దితే పొడిలా రాలుతుంది, నువ్వే చూస్తావు.

రొయ్యని కోసేటప్పుడు తొందర వద్దు. తూకం, పొడవు రాసుకుని, వడకట్టిన నీళ్లతో పైన కడిగి, తల విడిగా, వీపు మీద నల్లగా పారే పేగు విడిగా, కండ విడిగా పెట్టు. మనింట్లో అమ్మ వంటకి పేగు తీసి పారేస్తుంది కదా, అందుకని పేగులో దొరికిందంతా కంచంలోకి వచ్చినట్టు రాస్తే తప్పు. రొయ్యపొట్టు, అంటే ఎండబెట్టిన చిన్న రొయ్యల సంగతి వేరు, దాన్ని తలతో పేగుతో కలిపి తింటాం. వీలైతే అది కూడా ఒక శాంపిల్ చెయ్.

ప్లాస్టిక్ మిగిలేలా రొయ్య కండ, పేగు కరిగించడానికి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, 40 డిగ్రీలు, ఒకటి రెండు రోజులు. నైట్రిక్ యాసిడ్ జోలికి పోకు, నైలాన్‌ని కూడా తినేస్తుంది. పెంకు మాత్రం ఈ ద్రావణంలో సరిగా కరగదు, ముందే ఒలిచెయ్. పేగులో మట్టి మిగులుతుంది కాబట్టి చిక్కటి ఉప్పునీళ్లలో తేల్చాలి. ఉప్పు మన ఇస్కపల్లిదైనా ఇంకెక్కడిదైనా, ఆ ఉప్పులోనే ముక్కలుంటాయి, నీళ్లు కలిపాక వడకట్టు. ఉప్పునీళ్ల సాంద్రత 1.2 దగ్గర ఆగుతుంది. మేత సంచి పోగు, నైలాన్ తేలతాయి, నీళ్ల బాటిల్ చేసే పెట్ ప్లాస్టిక్ 1.38 కనుక మునిగిపోతుంది. అది కూడా కావాలంటే జింక్ క్లోరైడ్ ద్రావణం వాడాలి. ఖర్చు ఎక్కువ, సింకులో పారబోయకూడదు.

మైక్రోస్కోప్ కింద పత్తి పోగు మెలితిరిగిన రిబ్బనులా ఉంటుంది. ప్లాస్టిక్ పోగు ఆ చివర నుంచి ఈ చివరకి ఒకే మందం. అనుమానం వస్తే ఎర్రగా కాల్చిన సూది ఆనించు, చాలా ప్లాస్టిక్‌లు కరిగి ముడుచుకుంటాయి. ప్లాస్టిక్‌కి అంటుకుని మెరిసే నైల్ రెడ్ రంగు వేసి మెరిసినవన్నీ లెక్కపెట్టేయకు, రొయ్య కొవ్వు కూడా మెరుస్తుంది. కొన్నిటినైనా ఎఫ్‌టీఐఆర్‌కి, అంటే ఇన్‌ఫ్రారెడ్ కాంతితో ఏ ప్లాస్టికో చెప్పే యంత్రానికి, పంపించి తీరాలి. ఇరవై మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి దానికి కష్టం, లేజర్‌తో అదే పని చేసే రామన్ యంత్రమైతే ఒక మైక్రాన్ దాకా చూస్తుంది. నువ్వు ఎంత సైజు వరకు చూడగలిగావో రిపోర్టులో మొదటి పేజీలోనే రాయి, లేకపోతే ఆ అంకెకి అర్థం లేదు. ఆహారంలో ఈ ముక్కల్ని పరీక్షించే పద్ధతి తేల్చడానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024లో లక్నో, కొచ్చి పరిశోధన సంస్థలతో, బిట్స్ పిలానీతో కలిసి ప్రాజెక్టు మొదలుపెట్టింది. అంత పెద్దవాళ్లే పద్ధతి దగ్గర ఆగి ఆలోచించారు, నీకు ఒక సెమిస్టర్ పోయినా ఫర్వాలేదు.

రైతు పేరు, సర్వే నంబరు ఎక్కడా రాయొద్దు. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) ధర కొయ్యడానికి సాకు వెతికేవాళ్లకి నీ కాగితం దొరకకూడదు. ఫలితం ఏదైనా ముందు ఆయనకే చెప్పు.

ఆదివారం మా పక్క గుంటలో పట్టుబడి, తెల్లారి ఐదింటికే వల వేస్తారు. అల్యూమినియం ఫాయిల్ తెచ్చుకో. ఐసు అక్కడే ఉంటుంది, కానీ ఫాయిల్ చుట్టాకే రొయ్యని ఐసులో పెట్టు. ఆ ఐసు వచ్చేది ప్లాస్టిక్ క్రేటులో.

మీ మామయ్య